కౌంట్ పడిపోయిన రాత్రి

రాయచోటి ప్రాంతంలో రేడియేషన్ అన్న మాట రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. ఒకటి, చక్రాయపేట, వేంపల్లె దాటి వేముల మండలంలోకి వెళ్తే వచ్చే తుమ్మలపల్లె యురేనియం గని గురించి మాట్లాడుకున్నప్పుడు. రెండోది, ఇంట్లో ఎవరికైనా కేన్సర్ అని తేలి, ఫైలు పట్టుకుని తిరుపతికో వేలూరుకో బస్సెక్కినప్పుడు. కర్నూలు నుంచి కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా రాణిపేటకు పోయే జాతీయ రహదారి 40 ఈ రోగులకు బాగా తెలిసిన దారి. గని రేడియేషన్ అంటే జనానికి భయం. ఆసుపత్రి రేడియేషన్ అంటే నమ్మకం, కాకపోతే కాస్త బెరుకు. నెలరోజులు రేడియేషన్ వైద్యం, జనం మాటల్లో కరెంటు, పెట్టించుకుని ఊరికొచ్చిన మనిషికి ఒక రాత్రి ఒళ్లు కాలిందంటే మాత్రం "తెల్లారినాక చూద్దాంలే" అనేస్తారు. రక్తానికి రోగక్రిములను చంపే శక్తి ఎక్కడిదో, రేడియేషన్ దాన్ని ఎప్పుడు, ఎలా దెబ్బతీస్తుందో తెలిస్తే, ఆ మాట ఎంత ప్రమాదమైనదో అర్థమవుతుంది.

రక్తం దానంతట అదే క్రిములను చంపగలదని తెలిసి 140 ఏళ్లు కూడా కాలేదు. 1888లో జార్జ్ నట్టాల్ గడ్డకట్టకుండా చేసిన రక్తంలో ఆంత్రాక్స్ క్రిములు చచ్చిపోవడం చూశాడు. అదే రక్తాన్ని 55 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ శక్తి పోయింది. మరుసటేడు హాన్స్ బుక్నర్, కణాలు తీసేసిన రక్తరసంలో కూడా ఈ గుణం ఉందని గమనించి దానికి అలెక్సిన్ అని పేరుపెట్టాడు. ఇప్పుడు దాన్ని కాంప్లిమెంట్ అంటున్నాం. ఇది ముప్పైకి పైగా ప్రొటీన్ల బృందం. ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ క్రిమి పైపొర మీద చేరి దానికి తూట్లు పొడుస్తాయి. తూట్లు పడని క్రిమికైనా గుర్తు వేసి వదులుతాయి. ఆ గుర్తును పట్టుకుని వచ్చి మింగేవి తెల్లకణాలు. బయటినుంచి వచ్చినదాన్ని కణాలు చుట్టుముడతాయని అంతకుముందే, 1882లో, ఇల్యా మెచ్నికోఫ్ మెస్సినా తీరంలో నక్షత్ర చేప పిల్లల ఒంట్లో ముల్లు గుచ్చి చూశాడు. రసం గొప్పదా, కణం గొప్పదా అని రెండు వర్గాలు చాలాకాలం వాదులాడుకున్నాయి. రేడియేషన్ సంగతికొచ్చేసరికి ఈ రెండింటి మధ్య తేడా ప్రాణాల మీదికి వస్తుంది. ఒకటి చాలావరకు నిలబడుతుంది, రెండోది కూలిపోతుంది.

కూలిపోయేది న్యూట్రోఫిల్. మన తెల్లకణాల్లో సగానికి పైగా ఇవే. ఒక్కోటి మిల్లీమీటరులో నూరోవంతు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. క్రిమి వాసన పట్టి రక్తనాళం గోడ సందుల్లోంచి దూరి బయటికి వస్తుంది. క్రిమిని చుట్టేసి లోపలికి లాక్కుంటుంది. ఆ వెంటనే ఉన్నట్టుండి ఆక్సిజన్ గబగబా పీల్చుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము దానికి క్లోరైడ్ కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుస్తుంది. పంచాయతీవాళ్లు బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసినప్పుడు క్రిములను చంపేది కూడా ఈ ఆమ్లమే. ఈ మైలోపెరాక్సిడేజ్ ఆకుపచ్చగా ఉంటుంది. పుండులో చీముకు ఆ పచ్చదనం దానివల్లే వస్తుంది. చీము అంటే చాలావరకు పనిచేసి చచ్చిపోయిన న్యూట్రోఫిల్స్ కుప్ప. కొన్నయితే చచ్చేటప్పుడు తమ డీఎన్ఏనే వలలా బయటికి విసిరి క్రిములను అందులో చిక్కిస్తాయని 2004లో బెర్లిన్ పరిశోధకులు చూపించారు.

ఇంత పనిచేసే కణం రక్తంలో తిరిగేది మాత్రం కొద్ది గంటలు, మహా అయితే ఒకట్రెండు రోజులు. అందుకే ఎముకల్లోని మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ కొత్తగా తయారుచేస్తూ ఉండాలి. తల్లికణం విడిపోయి, విడిపోయి, పిల్లకణం ముదిరి రక్తంలోకి రావడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. మన ఒంట్లో ఇంత వేగంగా విడిపోయే కణాలు ఇంకెక్కడైనా ఉన్నాయంటే పేగు లోపలి పొరలో, వెంట్రుకల కుదుళ్లలో.

రేడియేషన్ డీఎన్ఏ రెండు పోగులనూ ఒకేచోట తెంచేస్తుంది. విడిపోని కణం ఆ తెగుడుతోనే చాలాకాలం బతకగలదు. విడిపోబోయిన కణం ఆ పనిలోనే చచ్చిపోతుంది. వేగంగా విడిపోయే కణాలకే ఎక్స్‌రేల దెబ్బ ఎక్కువని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బెర్గోనీ, ట్రిబోండో 1906లోనే చెప్పారు. కాబట్టి ఒళ్లంతా రేడియేషన్ తగిలిన మనిషి రక్తంలో తిరుగుతున్న న్యూట్రోఫిల్స్‌కు ఆ రోజు ఏమీ కాదు. అవి మామూలుగానే క్రిములను చంపుతుంటాయి. దెబ్బ తగిలింది వాటిని పుట్టించే చోట. బోరు ఎండిపోయినా మిద్దెమీద ట్యాంకులో నీళ్లున్నంతసేపు కుళాయి తిరుగుతూనే ఉన్నట్టు, మూలుగలో ముందే ముదిరి ఉన్న కణాలు కొన్నాళ్లు రక్తంలోకి వస్తూనే ఉంటాయి. ఇంట్లోవాళ్లకు ఎండిన సంగతి తెలిసేది ట్యాంకు ఖాళీ అయ్యాకే.

దీనికి మంచి రుజువు బ్లడ్ బ్యాంకులో ఉంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఎక్కించే రక్తం సంచిని ముందు గామా కిరణాల కింద పెడతారు. దాత రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు రోగి ఒంట్లో చేరి పెరిగి రోగి కణాల మీదే దాడి చేయకుండా ఉండేందుకు ఇది చేస్తారు. అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ సంస్థ ఇలాంటి బ్లడ్ ఇర్రేడియేటర్లను తయారుచేస్తోంది. సంచికి ఇచ్చే మోతాదు 25 గ్రే. గ్రే అంటే తగిలిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం. ఒళ్లంతా 4 గ్రే తగిలి, వైద్యం అందకపోతే, మనుషుల్లో సగంమంది రెండు నెలల్లోపే చనిపోతారు. దానికి ఆరు రెట్లు తిన్న సంచిలోని ఎర్రకణాలు మాత్రం ఆ తర్వాత కూడా పనికొస్తాయి. ముదిరిన కణాన్ని రేడియేషన్ అంత తేలిగ్గా చంపలేదు.

ఒళ్లంతా 2 నుంచి 6 గ్రే దాకా తగిలినవాళ్లలో వరస ఒకేలా ఉంటుంది. మొదటి రోజు వాంతులు. ఒకట్రెండు రోజుల్లో లింఫోసైట్లు పడిపోతాయి. విడిపోయేదాకా ఆగకుండా చచ్చే కణాలు ఇవి, పై సూత్రానికి మినహాయింపు. డాక్టర్లు మోతాదును అంచనా వేసేది వీటి పతనాన్ని చూసే. ఆ తర్వాత మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. అన్నం తింటాడు, నడుస్తాడు. ఆ మంచిరోజులు ఒకటి నుంచి మూడు వారాలుంటాయి. అప్పటికి న్యూట్రోఫిల్స్ అడుగంటుతాయి. గొంతులో పుండ్లు, చిగుళ్ల నుంచి నెత్తురు, తీవ్రమైన జ్వరం మొదలవుతాయి. 1945 ఆగస్టులో హిరోషిమాలో బాంబు పడ్డప్పుడు ఒంటిమీద గీత కూడా పడకుండా బయటపడినవాళ్లు ఎందరో ఆ నెలాఖరులో, సెప్టెంబరులో ఇలాగే చనిపోయారు. 1986లో చెర్నోబిల్‌లో 134 మందికి ఈ తీవ్ర రేడియేషన్ జబ్బు వచ్చిందని తేల్చారు. వాళ్లలో 28 మంది మొదటి నాలుగు నెలల్లో పోయారు. చర్మం కాలిన గాయాలతో పాటు ఇన్ఫెక్షన్ వాళ్లను బలితీసుకుంది.

మన దేశంలోనూ ఇది జరిగింది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి వాడకుండా పడేసిన ఒక గామా యంత్రాన్ని పాత ఇనుము కింద వేలం వేసింది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు. లోపల కోబాల్ట్-60 ఉంది. పనివాళ్లు, వ్యాపారులు ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు ఏప్రిల్‌లో చనిపోయారు. ఆ ముక్కల్లో ఏముందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

రేడియేషన్ తగిలినవాళ్లను బలితీసుకునే క్రిములు ఎక్కడినుంచి వస్తాయన్న ప్రశ్న దగ్గర కథ మలుపు తిరుగుతుంది. రోగిని గాజుగదిలో పెట్టినా జ్వరం వస్తుంది. 1950 ప్రాంతంలో చికాగోలో ఫిలిప్ మిల్లర్ బృందం ఒళ్లంతా ఎక్స్‌రేలు తగిలిన ఎలుకల రక్తాన్ని, అవయవాలను పరీక్షించింది. చచ్చిన ఎలుకల్లో ఎక్కువవాటిలో దొరికినవి వాటి సొంత పేగుల్లో బతికే బ్యాక్టీరియానే. రేడియేషన్ ఒకే దెబ్బతో రెండు పనులు చేస్తుంది. పేగు లోపలి పొరకు మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్త కణాలు కావాలి. అవి రాక పొర పలచబడి సందులు పడతాయి. సరిగ్గా అప్పుడే, ఆ సందుల్లోంచి వచ్చినవాటిని ఆపాల్సిన న్యూట్రోఫిల్స్ కరువవుతాయి. మనతో ఏళ్లుగా సామరస్యంగా ఉన్న ఈ-కోలి, క్లెబ్సియెల్లా రక్తంలోకి చేరతాయి. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన ఎలుకలు ఎక్కువగా బతికాయని కూడా ఆ బృందం చూపింది. రేడియేషన్‌ను యాంటీబయాటిక్ ఆపలేదు, కానీ మూలుగ మళ్లీ మొలకెత్తేదాకా గడువు కొనిపెడుతుంది. నాకు ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఇదే.

ఇందులో ఒక తెలుగు పాయ కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టాడు. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. 1950ల మొదట్లో అమెరికా పరిశోధకులు రేడియేషన్ తగిలిన కుక్కలకు ఆరియోమైసిన్ ఇచ్చి చూశారు. పిల్లల లుకేమియాకు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ కూడా సుబ్బారావు బృందం ఇచ్చిందే. మూలుగను అణచే మందూ, మూలుగ అణగినప్పుడు క్రిములను అడ్డుకునే మందూ ఒకే సంస్థలోంచి, దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. కేన్సర్ వైద్యం ఈనాటికీ ఆ రెండు కాళ్ల మీదే నడుస్తోంది.

మరి రక్తరసం సంగతి? కాంప్లిమెంట్ ప్రొటీన్లు చాలావరకు కాలేయంలో తయారవుతాయి. కాలేయ కణాలు మామూలుగా విడిపోవు. అందుకే రేడియేషన్ తర్వాత కూడా కాంప్లిమెంట్ పెద్దగా తగ్గదు. ఒక మినహాయింపు మాత్రం శాస్త్రజ్ఞులను చాలాకాలం కలవరపెట్టింది. 1954లో క్లీవ్‌లాండ్‌లో లూయిస్ పిల్లెమర్ రక్తరసంలో ప్రోపర్డిన్ అనే కొత్త ప్రొటీన్‌ను కనుగొన్నాడు. యాంటీబాడీ సాయం లేకుండానే కాంప్లిమెంట్‌ను మేల్కొలిపే పదార్థమది. రేడియేషన్ తగిలిన ఎలుకల్లో అది పడిపోతోందని మరుసటేడే రాశారు. చాలామంది నమ్మలేదు, పిల్లెమర్‌ను దుయ్యబట్టారు. 1957లో ఆయన చనిపోయాడు. ఆయన చెప్పిన దారి నిజమేనని ఆ తర్వాత ఏళ్లకు తేలింది. ఇంకో సంగతీ బయటపడింది: మిగతా కాంప్లిమెంట్ ప్రొటీన్లలా కాకుండా ప్రోపర్డిన్‌ను ఎక్కువగా తయారుచేసి దాచుకునేది తెల్లకణాలే, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్. ఆ కణాలు తగ్గితే ప్రోపర్డిన్ తగ్గడంలో వింతేముంది? రసాన్నీ కణాన్నీ వేరుచేసి వాదించుకున్నవాళ్లకు తెలియని చుట్టరికం ఇది.

ఇప్పుడు వేలూరు బస్సులోని మనిషి దగ్గరికి వద్దాం.

గర్భాశయ ముఖద్వార కేన్సర్ వచ్చిన ఒక స్త్రీని ఉదాహరణకు తీసుకుందాం. ఆమెకు పొత్తికడుపు కింది భాగానికి సాధారణంగా 45 నుంచి 50 గ్రే, దాదాపు 25 విడతల్లో, అయిదు వారాల పాటు ఇస్తారు. 4 గ్రేకే మనిషి పోతాడన్నారు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ 4 ఒళ్లంతటికీ ఒకేసారి తగిలినప్పటి లెక్క. ఇక్కడ కిరణాలు ఒకచోటికే పోతాయి. విడతల మధ్య మంచి కణాలు కోలుకుంటాయి. మిగతా ఎముకల్లో మూలుగ పనిచేస్తూనే ఉంటుంది. అయితే పెద్దవాళ్లలో పనిచేసే మూలుగ ఎక్కువగా ఉండేది కటి ఎముకల్లో, వెన్నుపూసల్లో, రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో. కటికి కరెంటు పెట్టడమంటే మూలుగలో పెద్దవాటా దాని కిందికి వచ్చినట్టే. ఒక్క రేడియేషన్‌తోనే తెల్లకణాల కౌంట్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. వారం వారం సిస్ప్లాటిన్ లాంటి కీమో తోడైతే పరిస్థితి మారుతుంది. ప్రతి వారం రక్తపరీక్ష రాసేది అందుకే. "మళ్లీ రక్తం తీస్తారా" అని విసుక్కునేవాళ్లు ఆ కాగితంలో చూడాల్సింది ఒక్క అంకె.

దాన్ని ఏఎన్‌సీ అంటారు, అంటే రక్తంలోని న్యూట్రోఫిల్స్ సంఖ్య. రిపోర్టులో లేకపోతే ఎవరైనా లెక్కగట్టొచ్చు. మొత్తం తెల్లకణాలు 2000, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం ఉంటే, 400. మామూలు మనిషికి 1500 పైన ఉండాలి. వెయ్యి కిందికి దిగితే జాగ్రత్త పడాలి. 500 కిందికి దిగితే ఇన్ఫెక్షన్ ముప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. లుకేమియా రోగుల రక్తపరీక్షలను, వాళ్లకు వచ్చిన ఇన్ఫెక్షన్లను పక్కపక్కన పెట్టి జెరాల్డ్ బోడీ బృందం 1966లో తేల్చిన లెక్క ఇది. కౌంట్ ఎంత తక్కువుంటే, ఆ తక్కువ ఎన్ని రోజులుంటే, ముప్పు అంత ఎక్కువ. మూలుగ మార్పిడికి ముందు కొందరికి ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి పాత మూలుగను కావాలనే తుడిచేస్తారు. వేలూరు సీఎంసీలో 1986 నుంచి మార్పిడులు జరుగుతున్నాయి. అలాంటి రోగికి రెండు మూడు వారాల పాటు న్యూట్రోఫిల్స్ దాదాపు సున్నా.

కౌంట్ లేనప్పుడు జబ్బు తన ఆనవాళ్లను దాచేస్తుంది. చీము పట్టదు, ఎందుకంటే చీముకు కావాల్సిన కణాలే లేవు. పుండు చుట్టూ ఎర్రబారదు, పెద్దగా వాయదు. న్యుమోనియా ఉన్నా ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా కనిపించొచ్చు, దగ్గినా కఫం రాకపోవచ్చు. మిగిలే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. అందుకే ప్రపంచమంతటా డాక్టర్లు ఒక గీత గీసుకున్నారు. ఒకసారి 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే 101 ఫారెన్‌హీట్ కనిపించినా, లేదా 38, అంటే 100.4 గంటసేపు నిలిచినా అది అత్యవసరం. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ ఎక్కాలి. కల్చర్ రిపోర్టు కోసం ఆగరు, రక్తం తీసి పంపించి మందు మొదలుపెడతారు.

మన పల్లెల్లో ఆ రాత్రి జరిగేది వేరు. జరం వచ్చిందని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన ఒక పారాసిటమాల్, ఒక సూది వేస్తాడు. ఆ సూదిలో ఒక్కోసారి డెక్సా అనే స్టెరాయిడ్ ఉంటుంది. జ్వరం తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ నిద్రపోతారు. ఉన్న ఒక్క ఆనవాలూ చెరిగిపోయింది, రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంది. తెల్లారేసరికి బీపీ పడిపోయి, చేతులు కాళ్లు చల్లబడితే అప్పుడు కారు మాట్లాడుకుని కడపకో తిరుపతికో పరుగెడతారు. ఆర్‌ఎంపీని తప్పుపట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనొక్కడే. ఆయనకు కూడా ఈ 500 అంకె, ఈ 101 అంకె తెలియాలి. కేన్సర్ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఫైలు పైన పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వాల్సిన విషయం ఇది. ఇంట్లో ఉండాల్సింది ఒక థర్మామీటరు. మాత్ర వేసే ముందు కొలవాలి, కొలిచింది ఆసుపత్రికి ఫోనుచేసి చెప్పాలి, చివరి రక్తపరీక్ష కాగితం వెంట ఉండాలి. ఇక తిండి విషయంలో పచ్చివేవీ ముట్టొద్దన్న పట్టుదలకు పరిశోధనల్లో బలమైన ఆధారం దొరకలేదు. వేడివేడి సంగటి, బాగా ఉడికిన పప్పు, కాచిన నీళ్లు, వడ్డించే చేతుల శుభ్రత చాలు.

తుమ్మలపల్లె భయానికి కూడా ఇదే లెక్క పెట్టి చూడాలి. 2012లో మొదలైన ఆ గనిలో ఖనిజం చాలా పలచన, యురేనియం 0.05 శాతం కూడా ఉండదు. రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్లకు మన దేశంలో పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. గ్రే కంటే చాలా చిన్న కొలత ఇది. తెల్లకణాల కౌంట్‌లో తేడా పైకి కనిపించాలంటే ఒక్కసారిగా దాదాపు 500 మిల్లీసీవర్ట్‌లు తగలాలి. పొట్ట సీటీ స్కాన్‌కు 10 దాకా పడుతుంది. అందుచేత గని చుట్టుపక్కల ఊళ్లలో మామూలు రక్తపరీక్ష చేసి, కౌంట్ బాగుంది కాబట్టి ఏ ముప్పూ లేదనడం తప్పు. కౌంట్ తగ్గిన ఒకరిద్దరిని చూపించి గనివల్లే అనడం కూడా అంతే తప్పు. ఆ పరీక్ష ఆ ప్రశ్నకు జవాబివ్వదు. కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువు నుంచి భూగర్భజలం చెడిపోతోందని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గనిని నడిపే యూసీఐఎల్ కాదంటోంది. అక్కడ అడగాల్సిన పరీక్షలు వేరు: బోరు నీటిలో లీటరుకు యురేనియం ఎన్ని మైక్రోగ్రాములు, తాగేవాళ్ల మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, గని గాలిలో రాడాన్ వాయువు ఎంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ నీటికి పెట్టిన గీత 30, మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. యురేనియం తాగినప్పుడు ముందు దెబ్బతినేది కిడ్నీ, అదీ లోహంగా దానికున్న విషగుణం వల్ల. ఆ లెక్కలు ఊరిలో గోడమీద అంటించమని అడిగే హక్కు ఆ రైతులకుంది.

పడిపోయిన కౌంట్‌ను లేపే మందు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. మూలుగలో మిగిలిన తల్లికణాలను తొందరపెట్టే జీ-సీఎస్‌ఎఫ్ అనే హార్మోను మన ఒంట్లోనే ఉంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన రూపం ఫిల్‌గ్రాస్టిమ్‌కు 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2001లో గ్రాఫీల్ పేరుతో దాన్ని ఇక్కడ తెచ్చింది. అణుప్రమాదంలో మూలుగ దెబ్బతిన్నవాళ్లకు వాడేందుకు 2015లో అమెరికా మళ్లీ విడిగా అనుమతిచ్చింది. ఇది కౌంట్ తగ్గిన ప్రతివాళ్లకూ వేయించుకునే సూది కాదు. కీమో, రేడియేషన్ రెండూ ఒకేసారి నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఛాతీకి కరెంటు పెడుతున్నప్పుడు, దీన్ని వాడకపోవడమే మేలంటారు. ఎప్పుడు వేయాలో చెప్పాల్సింది చికిత్స చేస్తున్న డాక్టరే.

కోలుకోవడం మొదలైందని రిపోర్టు ముందుగా చెప్పేది మోనోసైట్లనే మరో రకం తెల్లకణాల వరసలో. న్యూట్రోఫిల్స్ ఇంకా అడుగునే ఉండగా అవి పెరుగుతాయి, సాధారణంగా కొద్దిరోజులకే న్యూట్రోఫిల్స్ కూడా వస్తాయి. అప్పుడు కొందరికి ఛాతీ ఎక్స్‌రేలో అంతకుముందు లేని మచ్చ కనిపిస్తుంది, దగ్గు ఎక్కువవుతుంది, కఫం మొదలవుతుంది. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు వచ్చిందని ఇంట్లోవాళ్లు బెదిరిపోయి ఆసుపత్రి మార్చేయాలనుకుంటారు. చాలాసార్లు అది ముందునుంచీ ఊపిరితిత్తిలో ఉన్న ఇన్ఫెక్షనే. తిరిగొచ్చిన న్యూట్రోఫిల్స్ అక్కడికి చేరడం వల్ల అది ఇప్పుడు ఫిల్మ్ మీదికి వచ్చింది. అది కొత్త జబ్బా, పాతదేనా అన్నది స్కాన్‌లో, కల్చర్‌లో తేలేదాకా యాంటీబయాటిక్ ఆపకూడదు.